పెద్ద నాయకుణ్ని ఆపిన పేట క్లబ్బు

మన దగ్గర ఎన్నికలొస్తే అందరి చూపూ బి-ఫారం మీదే. అది ఎవరికి దక్కుతుందో హైదరాబాదులోనో, విజయవాడలోనో, ఢిల్లీలోనో తేలుతుంది. ఏళ్ల తరబడి జెండా మోసిన కార్యకర్త ఆ సంగతి టీవీలో చూసి తెలుసుకుంటాడు. న్యూయార్క్‌లో మాత్రం పార్టీ అభ్యర్థిని ఆ పార్టీ ఓటర్లే ప్రైమరీలో ఎన్నుకుంటారు. ఆ ఓటర్లను కూడగట్టే పని పేటపేటనా ఉన్న పార్టీ క్లబ్బులు చేస్తాయి. చాలా క్లబ్బులకు సొంత గది కూడా ఉండదు. ఏ చర్చి హాల్లోనో, బడిలోనో సాయంత్రం పూట కలుస్తారు. కొద్దిపాటి చందా కట్టినవాళ్లు సభ్యులవుతారు. అభ్యర్థులను పిలిపించి, ప్రశ్నలు అడిగి, ఎవరికి మద్దతివ్వాలో ఓటు వేసి తేల్చుకుంటారు.

ఆ తర్వాత మొదలవుతుంది అసలు చాకిరీ. ప్రైమరీ బ్యాలెట్‌పై పేరు రావాలంటే అభ్యర్థి తన పార్టీ ఓటర్ల సంతకాలు తేవాలి. నగరంలో రాష్ట్ర అసెంబ్లీ స్థానానికి 500, రాష్ట్ర సెనేట్‌కు 1,000, అమెరికా కాంగ్రెస్‌కు 1,250. జూన్‌లో ప్రైమరీ ఉంటే ఫిబ్రవరి చివర్లో, ఇంకా చలి తగ్గకముందే, డెమొక్రాట్ల ఆకుపచ్చ కాగితాలు పట్టుకుని క్లబ్బు సభ్యులు సబ్‌వే మెట్ల దగ్గరా, కూరగాయల దుకాణాల ముందూ నిలబడతారు. సంతకం పెట్టేవాళ్లు ఆ పార్టీలో నమోదైనవాళ్లే అయ్యుండాలి, ఆ నియోజకవర్గంలోనే ఉండాలి, అదే పదవికి ప్రత్యర్థి కాగితం మీద ముందే సంతకం చేసి ఉండకూడదు. తేదీ తప్పినా గొడవే. ప్రత్యర్థి లాయర్లు ఒక్కో వరుసా పరిశీలించి తప్పులు పడతారు. చెల్లని సంతకాలు పోగా లెక్క తగ్గితే అభ్యర్థి పోటీలోనే ఉండడు. అందుకే తెలివైన క్లబ్బు అవసరమైనదానికి రెండింతలు, మూడింతలు పోగుచేస్తుంది. ఏ వీధిలో ఎవరుంటారో తెలిసినవాళ్లు పదిమంది ఉంటే, డబ్బున్న అభ్యర్థినైనా ఈ దశలో నిలువరించగలరు.

ఈ క్లబ్బుల చరిత్రకు మచ్చలు తక్కువేమీ కాదు. 18వ శతాబ్దం చివర్లో పుట్టిన టామనీ సొసైటీ, తర్వాతి శతాబ్దంలో మాన్‌హాటన్ డెమొక్రాటిక్ పార్టీని గుప్పిట్లో పెట్టుకుంది. ఓడ దిగిన ఐరిష్ కుటుంబానికి పౌరసత్వ పత్రాలు, నగరపాలనలో చిన్న కొలువు, చలికాలానికి బొగ్గు, ఇల్లు కాలిపోతే తలదాచుకునే చోటు, అన్నీ పేట నాయకుడి క్లబ్బులోనే దొరికేవి. జార్జ్ వాషింగ్టన్ ప్లంకిట్ అనే టామనీ నాయకుడు తన కిటుకులన్నీ ఓ విలేకరికి పూసగుచ్చినట్టు చెప్తే, అవి 1905లో పుస్తకంగా వచ్చాయి. తెల్లవారుజామున మంటలు లేచిన చోటికి పరుగెత్తడం, పెళ్లిళ్లకూ చావులకూ హాజరవడం, పని లేనివాడికి పని చూపించడం, ఇదీ అందులో కనిపించే దినచర్య. మన ఊళ్లలో వార్డు నాయకుణ్ని చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ప్రభుత్వం ఏ సాయమూ చెయ్యని రోజుల్లో అది నిజమైన సాయం. దానికి కట్టిన మూల్యమూ నిజమే. టామనీ అధినేత విలియం ట్వీడ్ నగర ఖజానాను కొల్లగొట్టి, 1871లో గుట్టు బయటపడి, 1878లో జైల్లోనే చనిపోయాడు. టామనీ మాత్రం ఇంకో ఎనిమిది దశాబ్దాలు బతికింది.

దాన్ని చివరకు దెబ్బతీసింది ఇంకో క్లబ్బే.

1949లో టామనీ పగ్గాలు పట్టిన కార్మైన్ డిసాపియో కంటి జబ్బు వల్ల ఎప్పుడూ నల్లద్దాలు పెట్టుకునేవాడు. గవర్నర్లను, మేయర్లను నిలబెట్టగలవాడని పేరు. అయితే ఆయన అధికారమంతా చిన్న పునాది మీద ఉంది. టామనీ అధినేతగా ఉండాలంటే ముందు సొంత పేటలో డిస్ట్రిక్ట్ లీడర్‌గా గెలవాలి. జీతం లేని పార్టీ పదవి అది. ఆయన పేట గ్రీనిచ్ విలేజ్‌లో పార్టీ ఓటర్లు కాదంటే, నగరమంతా చేతిలో ఉన్నా లాభం లేదు.

1956లో అధ్యక్ష అభ్యర్థి అడ్లై స్టీవెన్సన్ కోసం తిరిగిన కార్యకర్తలు కొందరు ఆయన ఓడిపోయిన తర్వాత ఇంటికి పోలేదు. విలేజ్ ఇండిపెండెంట్ డెమొక్రాట్స్ పేరుతో క్లబ్బు పెట్టారు. ఎక్కువమంది చదువుకున్న మధ్యతరగతివాళ్లు. కొలువుల కోసం వచ్చినవాళ్లు కారు. 1959లో డిసాపియో మీద పోటీ పెట్టి కొద్ది తేడాతో ఓడిపోయారు. ఆ ఏడాదే మాజీ ప్రథమ మహిళ ఎలినార్ రూజ్‌వెల్ట్, మాజీ గవర్నర్ హెర్బర్ట్ లేమన్ సంస్కరణ క్లబ్బులకు అండగా ఒక కమిటీ పెట్టారు. 1954లో తన కొడుకు అటార్నీ జనరల్‌ పదవికి ఓడిపోవడానికి డిసాపియోనే కారణమని ఎలినార్ నమ్మకం. 1961లో జేమ్స్ లానిగన్ చేతిలో డిసాపియో సొంత పేటలో ఓడిపోయాడు. దాంతో టామనీ నాయకత్వమూ పోయింది.

ఆయన ఊరుకోలేదు. 1963లో మళ్లీ నిలబడితే ఎడ్ కాచ్ అనే యువ లాయర్ 41 ఓట్లతో గెలిచాడు. డిసాపియో కోర్టుకెక్కాడు. 1964లో మళ్లీ ఓటింగ్ జరిగితే తేడా 164 అయింది. 1965లో మూడోసారీ కాచ్‌దే గెలుపు. 41 ఓట్లంటే రెండు మూడు అపార్ట్‌మెంట్ భవనాలు. ఆ మెట్లు ఎక్కి తలుపులు తట్టినవాళ్లెవరికీ పైసా రాలేదు. ఈ కథలో నన్ను కదిలించేది అదే.

డిసాపియోను దుర్మార్గుడిగా తీసిపారేస్తే మాత్రం అన్యాయం. వాషింగ్టన్ స్క్వేర్ పార్కు మధ్యనుంచి కార్ల రోడ్డు వేయాలని నగర అధికారి రాబర్ట్ మోజెస్ పట్టుబట్టినప్పుడు, జేన్ జేకబ్స్ వంటి పేటవాసుల పక్షాన నిలిచినవాళ్లలో ఆయనా ఉన్నాడు. 1958లో పార్కులో కార్లు ఆగిపోయాయి. అటు ఎడ్ కాచ్ 1977లో మేయర్ పదవికి పోటీచేసినప్పుడు, బ్రూక్లిన్ పాతతరం పార్టీ పెద్ద మీడ్ ఎస్పొసీటో మద్దతు వద్దనలేదు.

బ్రూక్లిన్‌లో షర్లీ చిజమ్ కథ ఇంకా విలువైంది. ఆమె మొదట చేరిన క్లబ్బులో నాయకత్వం తెల్లవాళ్లది. ఏటా పేకాట పార్టీ, లాటరీ టికెట్లతో డబ్బు కూడబెట్టే బాధ్యత ఆడవాళ్లది. టికెట్ల డబ్బు వేసే సిగార్ డబ్బాలకు రంగులద్దే పని చిజమ్ కూడా చేసింది. డబ్బు తెచ్చేది మేమైతే మాకు ఖర్చులకైనా ఎందుకివ్వరని ఆడవాళ్ల తరఫున అడిగింది కూడా ఆమే. 1960లో ఆమె, థామస్ జోన్స్ తదితరులు యూనిటీ డెమొక్రాటిక్ క్లబ్బు పెట్టారు. 1962లో జోన్స్ అసెంబ్లీకి వెళ్లాడు. ఆయన జడ్జి పదవి వైపు వెళ్లడంతో 1964లో ఆ స్థానం చిజమ్‌ది. 1968లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ ఆమే.

జడ్జీల మాట వచ్చింది కాబట్టి ఒక చేదు సంగతి. న్యూయార్క్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీల అభ్యర్థులను పార్టీ ప్రతినిధుల సమావేశం ఖరారు చేస్తుంది. అక్కడ పార్టీ పెద్దల మాటే చెల్లుతుంది. పార్టీ సిఫారసు చేసిన మనిషిని కొలువులో పెట్టుకోనందుకే తనకు దారి మూసేశారని బ్రూక్లిన్ జడ్జి మార్గరీటా లోపెజ్ టోరెస్ న్యాయపోరాటం చేసింది. 2008లో దేశ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. పద్ధతి రాజ్యాంగ విరుద్ధం కాదని కోర్టు చెప్పినంత మాత్రాన అది మంచి పద్ధతి అయిపోదు.

పెద్దలు ఓడిపోవడం మాత్రం ఆగలేదు. 2018 జూన్‌లో క్వీన్స్ డెమొక్రాటిక్ పార్టీ అధిపతి, కాంగ్రెస్ సభ్యుడు జో క్రౌలీని 28 ఏళ్ల అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ప్రైమరీలో ఓడించింది.

న్యూయార్క్‌లో స్థిరపడి పౌరసత్వం తీసుకున్న తెలుగు కుటుంబాలకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. ఓటరు నమోదు ఫారంలో పార్టీ గడి దగ్గర, మనకెందుకులే అని చాలామంది ఏ పార్టీనీ ఎంచుకోకుండా వదిలేస్తారు. నవంబర్‌ ఎన్నికకు దానివల్ల ఇబ్బంది లేదు. న్యూయార్క్ ప్రైమరీలో మాత్రం పార్టీలో నమోదైనవాళ్లకే ఓటు. డెమొక్రాట్ల బలం తిరుగులేని పేటల్లో నవంబర్ పోటీ చాలావరకు లాంఛనమే. అసలు తీర్పు జూన్‌లోనే అయిపోతుంది. ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి మారదలచుకున్నవాళ్లు జూన్ ప్రైమరీకి ముందు ఫిబ్రవరి 14 లోపే మారాలి. ఆకుపచ్చ కాగితం పట్టుకుని ఎవరైనా సంతకం అడిగేది ఆ తర్వాత రెండు వారాలకే.