పండుగ పిండివంటలు: ఎందుకు మితంగా? ఎలా తినాలి?

సంక్రాంతి జనవరి మధ్యలో వస్తుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పటికి పత్తి తీతలు సాగుతుంటాయి, మిరప కోతలు మొదలవుతుంటాయి. పనుల హడావిడిలో వేళకు అన్నం తినక, అరిసెలు, జంతికలతోనే కడుపు నింపుకోవడం సులువవుతుంది.

ఒక గ్రాము పిండిపదార్థం గానీ మాంసకృత్తు గానీ సుమారు 4 కిలోక్యాలరీల శక్తినిస్తుంది. గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. అరిసెలో బియ్యప్పిండి, బెల్లం, నూనె కలిసి ఉంటాయి, పీచు తక్కువ. అందుకే ఒక్క అరిసెలోనూ శక్తి ఎక్కువే. వేగగానే దాన్ని గట్టిగా నొక్కితే అదనపు నూనె కారిపోతుంది. అరిసెపై అద్దే నువ్వులు కాల్షియాన్ని ఇస్తాయి, అయితే వాటిలో దాదాపు సగం నూనే.

కడుపు నిండిన సంగతి మెదడుకు చేరడానికి కొంత సమయం పడుతుంది. కాబట్టి నెమ్మదిగా నమిలి తినాలి. ముందు పప్పు, ఆకుకూరతో అన్నం తిని, తర్వాత ఒక అరిసె తింటే ఆకలి అదుపులో ఉంటుంది. కనుమనాటి గారెల్లోని మినుములు మాంసకృత్తులిస్తాయి. నూనెలో వేగేవి కనుక అవీ మితంగానే తినాలి.

ఇక గారెలతో నంజుకునే పచ్చడి సంగతి. మిరపకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు. అందుకే పచ్చడి కారం మండితే నీళ్లకన్నా మజ్జిగే మేలు. అలాగే పిండివంటలు వేయించగా మిగిలిన నూనెను పదేపదే వాడకూడదు.