మనసు జబ్బా, ఒంటి జబ్బా?



ఎండలు ముదిరే ముందు మన గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు వైపు డాబాలన్నీ ఎర్రబడిపోతాయి. ఏడాదికి సరిపడా కారం ఆడించుకోవాలి గదా! కాయలు ఎండబోసి, తొడిమలు తీసి, మిల్లుకు పంపేసరికి ఇంట్లో ఆడవాళ్ళకు చేతుల మంటలు, మొహాలు కందిపోవడం మామూలే. అందుచేత ఆ రోజుల్లో ఏ కోడలి బుగ్గలైనా ఎర్రబడితే "ఎండ తగిలిందిలే, కొబ్బరినూనె రాసుకో" అనేసి ఊరుకుంటాం.

అటువంటి ఇల్లు ఒకటి ఊహించుకోండి. కోడలికి 23 ఏళ్ళు. ముక్కు మీదుగా రెండు బుగ్గల మీదికీ సీతాకోకచిలుక రెక్కలు చాచినట్టు ఎర్రని మచ్చ. పొద్దున్నే లేస్తే వేళ్ళ కణుపులు బిగుసుకుపోయి పచ్చడి జాడీ మూత తీయలేదు. దువ్వెన నిండా జుట్టు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతుంది. రెండు నెలలు గడిచేసరికి రాత్రిళ్ళు నిద్ర పోవడం మానేసింది. ఆ తర్వాత ఒకనాడు "నా అన్నంలో ఏదో కలుపుతున్నారు" అంటూ కంచం తోసేసింది. ఎవరూ లేని గదిలోంచి ఎవరో పిలుస్తున్నారంటుంది.

ఇంక చూడండి, తలొక మాట. అత్తగారు "పొగరు" అంటుంది. పక్కింటావిడ "గాలి సోకింది" అంటుంది. కన్నతల్లి దిష్టి తీసి, తాయెత్తు కట్టించి, ఆంజనేయస్వామి గుడిలో మండలం పాటు ప్రదక్షిణలు చేయిస్తానని మొక్కుకుంటుంది. గుడికి వెళ్ళడం తప్పని నేననను. మండలం అంటే 40 రోజులు. ఆ 40 రోజులూ డాక్టరు గడప తొక్కకపోవడంలోనే వుంది చిక్కు. చివరికి "పిచ్చిపిల్లను మా మెడకు అంటగట్టారు" అని పుట్టింటికి పంపించేస్తారు.

ఆ పిల్లకు వచ్చింది పొగరూ కాకపోవచ్చు, గాలీ కాకపోవచ్చు. ల్యూపస్ అనే జబ్బు సరిగ్గా ఇలాగే బయటపడగలదు. ఈ జబ్బు వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలే, అదీ ఎక్కువగా కాన్పుల వయసులో వున్నవాళ్ళు. బయటినుంచి వచ్చే క్రిములను ఎదిరించవలసిన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత ఒంటి మీదే తిరగబడుతుంది. చర్మం, కీళ్ళు, మూత్రపిండాలు దెబ్బ తింటాయన్నది కొందరైనా విని వుంటారు. మెదడును కూడా వదలదని తెలిసినవాళ్ళు తక్కువ. ల్యూపస్ వల్ల మెదడుకు, నరాలకు, మనసుకు వచ్చే బాధలను అమెరికాలోని కీళ్ళవాతపు వైద్యుల సంఘం 1999లో 19 రకాలుగా లెక్క తేల్చింది. ఫిట్లు, పక్షవాతం, మతిమరుపు, దిగులు, లేనిపోని అనుమానాలు అన్నీ అందులో వున్నాయి. కొందరిలో రక్తం ఊరికే గడ్డకట్టి మెదడులో నాళాలు మూసుకుపోతాయి. ఆ గడ్డకట్టే గుణం వల్లనే వరసగా గర్భాలు పోవడం కూడా జరుగుతుంది. "గొడ్రాలు" అని మనవాళ్ళు నోరు పారేసుకునేది ఇటువంటి వాళ్ళ మీద కూడాను!

ఒంటిని కాపాడవలసిన శక్తి మన మెదడు మీదే ఎందుకు పడుతుందని మీరడగవచ్చు. దీనికి మన ఇళ్ళల్లోనే ఒక పాత సాక్ష్యం వుంది. ఒకప్పుడు పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు పొడిచేవారు, గుర్తుందా? డేవిడ్ సెంపుల్ అనే దొర 1911 ప్రాంతాల కసౌలీలో తయారుచేసిన మందు అది. రేబీస్ క్రిమిని గొర్రె మెదడులో పెంచి, ఆ మెదడునే నూరి చేసేవారు. ఎన్నో ప్రాణాలు నిలిపింది. అయితే ఇంజక్షన్లు తీసుకున్నవాళ్ళలో కొద్దిమందికి కాళ్ళు చచ్చుబడటం, స్పృహ తప్పడం జరిగేది. కుక్క కాటు వల్ల కాదు. గొర్రె మెదడులోని పదార్థాన్ని పరాయిదని పోల్చుకున్న రోగనిరోధక శక్తి, అదే పోలికలో వుండే మనిషి మెదడు మీద, వెన్నుపాము మీద కూడా పడిపోయేది. మన దేశంలో 2005 నాటికి ఆ మందు మానేశారు. ఇప్పుడు వేసే టీకాలో మెదడు పదార్థం వుండదు, భుజానికే వేస్తారు. కనుక ఈ కథ విని, కుక్క కరిస్తే టీకా మానేసేరు సుమా!

ఆ పోలిక పొరపాటు ఏ మందూ లేకుండా, దానంతటదే కూడా జరగవచ్చు. జోసెప్ దల్మావ్ అనే నరాల వైద్యుడు, ఆయన సహచరులు 2007లో ఒక కొత్త జబ్బు సంగతి బయటపెట్టారు. వాళ్ళు చెప్పిన 12 మందీ స్త్రీలే. ముందు జ్వరం, తలనొప్పి. తర్వాత పొంతనలేని మాటలు, భయాలు, ఫిట్లు, మూతి వంకర్లు, ఆఖరికి మాట పడిపోవడం. వాళ్ళలో దాదాపు అందరికీ అండాశయంలో ఒక గడ్డ, ఆ గడ్డలో మెదడు కణాలను పోలిన కణాలు! ఒళ్ళు ఆ గడ్డ మీద యుద్ధం మొదలుపెట్టి మెదడు దాకా వెళ్ళిందన్నమాట. గడ్డ లేకుండా కూడా ఈ జబ్బు వస్తుందని తర్వాత తెలిసింది.

2009లో న్యూయార్కులో సుసన్నా కహలన్ అనే 24 ఏళ్ళ పత్రికా విలేఖరికి ఇదే వచ్చింది. పరీక్షల మీద పరీక్షలు చేసినా ఏమీ తేలలేదు. సొహేల్ నజ్జార్ అనే డాక్టరు ఆమె చేతికి కాగితమిచ్చి గడియారం బొమ్మ గీయమన్నాడు. ఆమె 1 నుంచి 12 దాకా అంకెలన్నీ కుడివైపునే కుక్కేసింది. ఎడమవైపు ఖాళీ. ఇది మనసు తెచ్చిపెట్టుకున్నది కాదు, మెదడులో వాపు వుందని ఆయనకు అక్కడే తోచింది. ఆమె కోలుకుని మళ్ళీ ఉద్యోగంలో చేరింది, 2012లో తన కథ పుస్తకంగా రాసింది. ఈ జబ్బు వచ్చిన 577 మందిని చూసి 2013లో ప్రకటించిన లెక్క ప్రకారం రెండేళ్ళలో నూటికి 80 మంది దాకా బాగా కోలుకున్నారు. వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

ఇవన్నీ అరుదైనవి. మన ఇళ్ళల్లో తరచు కనిపించేది థైరాయిడ్. 1912లో హషిమోటో అనే జపాను డాక్టరు వర్ణించిన రకంలో ఒళ్ళే ఆ గ్రంథిని మెల్లగా తినేస్తుంది. మనిషికి బద్ధకం, మతిమరుపు, ఏడుపు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం. కాన్పయిన ఏడాదిలోపు కూడా థైరాయిడ్ ఇలా చెడవచ్చు. "బిడ్డను కూడా ఎత్తుకోదు, ఎంత సోమరి!" అని బాలింతను ఆడిపోసుకునే ముందు ఒక్క రక్తపరీక్ష చేయించండి.

ఇలా అన్నానని మనోవ్యాధులన్నీ ఇవేననుకోకండి. చాలావాటికి ఈ కారణం వుండదు. మానసిక వైద్యుని దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడవలసిందీ లేదు, ఆయన ఇచ్చిన మందులు మీ అంతట మీరు ఆపనూకూడదు. నేను చెప్పేదల్లా, ఆయనకు ఒంటి సంగతులు కూడా చెప్పండని. పిల్ల మాట్లాడే పిచ్చిమాటలు చెబుతాం గాని, ఆరునెలల కిందటి కీళ్ళనొప్పులు, నోట్లో పుళ్ళు, పోయిన గర్భాలు చెప్పం. అవి వేరే సంగతులనుకుంటాం. వారాల వ్యవధిలో మనిషి మారిపోవడం, దానితోపాటు జ్వరం, మచ్చలు, ఫిట్లు, కాళ్ళవాపు వుంటే ఆలస్యం చేయకండి. పొలం పనులున్న ఇల్లయితే పత్తికో మిరపకో పురుగుమందు కొట్టిన సంగతి కూడా దాచకండి. దానివల్ల కూడా మనిషి తికమకపడవచ్చు.

పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీదే ఏ తేదీన ఏం జరిగిందో రెండు ముక్కలు రాసి పెట్టుకోండి. అత్తగారు రాసినా సరే, తల్లి రాసినా సరే. రోజంతా పక్కన వుండి చూసేది మీరే గదా. గుంటూరు పెద్దాసుపత్రిలో నరాల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ వున్నాయి. ఇంకా పెద్ద పరీక్షలు కావాలంటే హైదరాబాదు నిమ్స్, బెంగుళూరు నిమ్హాన్స్ వున్నాయి.

ల్యూపస్ అని తేలితే స్టెరాయిడ్లు ఇస్తారు. అవి కూడా ఒక్కొక్కరికి నిద్ర పోగొట్టి, చిరాకు పెంచుతాయి. అలాగని మందు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, డాక్టరుతో చెప్పి తగ్గించుకోవాలి. మలేరియాకు వాడే మందు ఒకటి ఈ జబ్బును ఏళ్ళ తరబడి అదుపులో వుంచుతుంది. ఎండ పడదు కనుక డాబా మీద మిరపకాయలు తిరగేసే పని ఆ అమ్మాయికి చెప్పకండి. పిల్లలు పుట్టరేమోనని చాలామంది బెంగ. జబ్బు ఒక ఆరునెలలు నిమ్మళంగా వున్నాక డాక్టరు సలహా మీద గర్భం దాల్చి, పండంటి బిడ్డలను కన్నవాళ్ళు ఎందరో వున్నారు. అల్లుడికీ, వియ్యపురాలికీ ఈ సంగతి డాక్టరు చేతనే చెప్పించండి.