ఢిల్లీ లేఖ: లోపలి కుట్టు

సరోజినీ నగర్ బజారులో ఎగుమతికి పోగా మిగిలిన చొక్కాలను గుట్టలుగా పోసి అమ్ముతారు. అనుభవజ్ఞులు రంగు చూసి మోసపోరు. తిరగేసి కుట్టు చూస్తారు. మొన్న ఆదివారం నాతో వచ్చిన మా మేనల్లుడు, కంప్యూటర్ ఇంజనీరు, అదే పని చేస్తూ, "యంత్రం వ్రాసిన ప్రోగ్రామునూ ఇలాగే చూడాలి మావయ్యా" అన్నాడు.

2021లో ఓపెన్‌ఏఐ సంస్థ 164 చిన్న సమస్యలతో ఒక పరీక్ష పెట్టగా, వారి కోడెక్స్ తొలి ప్రయత్నంలో నెగ్గినవి 28.8 శాతం. తరువాతి యంత్రాలు తొంభై దాటాయి. 2023లో కొందరు పరిశోధకులు అవే సమస్యలకు సరిచూసే పరీక్షలను ఎనభై రెట్లు పెంచేసరికి మార్కులు తగ్గాయి! ఆ ఏడే ప్రిన్స్‌టన్ పరిశోధకులు, వాడుకలో ఉన్న ప్రోగ్రాములలోని 2,294 చిక్కులను ముందు పెడితే, అన్నిటిలోకి మెరుగైన యంత్రం విప్పినవి 2 శాతానికి లోపే. నేడు ఆ అంకెలు ఎంతో పెరిగిన మాట వాస్తవం. అయితే ప్రశ్నపత్రం బహిరంగం. చదువుకొనే రోజుల్లోనే యంత్రం దానిని చూసి ఉండవచ్చు.

లోక్‌సభ ప్రశ్నోత్తరాలు ఏళ్ల తరబడి విన్న నాకిది కొత్త కాదు. నిబంధనకు సరిపడే జవాబు, అడిగినదానికి జవాబు కాకపోవచ్చు.

"రేపు మీ పింఛను లెక్క కట్టే ప్రోగ్రామూ యంత్రమే వ్రాస్తే?" అన్నాను నేను.

"వ్రాయనివ్వండి. సరిచూసే మనిషిని మాత్రం తీసేయకూడదు" అని, చంకలో కుట్టు వదిలిన చొక్కాను గుట్టలో పడేసి, మరొకటి తిరగేశాడు.