బెంగుళూరునందలి నవీన కట్టడములు

మా పాఠశాలయందు ప్రాత తరగతి గదుల వరుస యొకటి కలదు. రాతిగోడలు, పెంకుటికప్పు, ముందువైపున పొడవైన వసారా. దీనిని పడగొట్టి నవీన పద్ధతిని మిద్దె కట్టవలెనని యాలోచన పుట్టి, నిర్వాహకులు ఉపాధ్యాయుల యభిప్రాయము నడిగిరి. నవీనమనగానే మేమును మాఱుమాట లేక సమ్మతించితిమి. తరువాత నొకనాడు పదవ తరగతి విద్యార్థి యొకఁడు "సార్, నవీనమనగా నేమి?" యని యడుగగా మాకు సరియైన యుత్తరము దొరకలేదు. గత శీతకాలమున మేము తరగతివారితో బెంగుళూరు పోవుట కిదియే కారణము.

గోరంట్లకు బెంగుళూరు దూరదేశము కాదు. పాలసముద్రము కడ పెద్దబాట నెక్కి, కొడికొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురము, దేవనహళ్ళి దాటినచో పట్టణము వచ్చును. మన ప్రాంతమువారు కూలికిని, చదువునకును, వైద్యమునకును అచ్చటికి పోవుచునే యుందురు. కట్టడములను చూచుటకే పోయినవారు మాత్రము మాలో నెవ్వరును లేరు.

మొదట విధానసౌధమును చూచితిమి. 1951వ సంవత్సరమున నెహ్రూగారు శంకుస్థాపన చేయగా, కెంగల్ హనుమంతయ్యగారి పూనికతో 1956లో ముగిసిన రాతిసౌధమిది. ఎత్తైన మెట్లు, బారులు తీరిన స్తంభములు, నడుమ గొప్ప గుమ్మటము చూచి పిల్లలు కదలలేదు. ఇదియే నవీన కట్టడమని వారు తలంచిరి. కాదని చెప్పగా కొంత నిరుత్సాహపడిరి.

తరువాత, ఊరివారు నేటికిని తాతా ఇన్‌స్టిట్యూటని పిలుచు భారతీయ విజ్ఞాన సంస్థకు పోయితిమి. అందలి విమానశాస్త్ర విభాగపు కట్టడమును నిర్మింపజేసినవాఁడు ఓటో కోనిగ్స్‌బర్గరు. ఆయన 1908లో బెర్లినునందు జన్మించి, హిట్లరు పాలన వచ్చినపిమ్మట స్వదేశమును విడిచి, ఈజిప్టున కొంతకాలముండి, 1939లో మైసూరు సంస్థానమునకు ముఖ్య వాస్తుశిల్పిగ వచ్చెను. 1948లోనే ఆ యుద్యోగమును విడిచెను. అనగా ఆయన కట్టడము విధానసౌధముకంటె ముందుది. అయినను నవీనమనఁబడునది ఇది, అది కాదు. కావున నవీనత సంవత్సరములతో లెక్కింపఁదగినది కాదని పిల్లలకు తెలిసెను.

మఱి దేనితో లెక్కింపవలెను? పూర్వము గోడయే కప్పును మోసెడిది. గోడయందు పెద్ద సందు విడిచినచో కప్పునకు ముప్పు. ఇనుపకమ్మీలు గర్భమునందుంచిన కాంక్రీటు స్తంభములును దూలములును వచ్చిన పిమ్మట, గోడ యా బరువునుండి విడుదల పొందెను. ఇఁక గోడను పలుచన చేయవచ్చును, కిటికీని గదియంత పొడవుగ పెట్టవచ్చును, గోడయే లేకుండ చేయవచ్చును. ఐరోపాలోని శిల్పులు ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమున ఈ స్వేచ్ఛను గ్రహించి, అతికించిన నగిషీలను విడనాడి, ఇల్లు తన పనినిబట్టియు తన సామగ్రినిబట్టియు రూపు దాల్చవలెనని వాదించిరి. నవీన శిల్పమనగా స్థూలముగ నిదియే.

కాని చలిదేశమున కనిపెట్టిన యద్దాల పెట్టెను తెచ్చి ఎండదేశమున నిలిపినచో నది పొయ్యి యగును. కోనిగ్స్‌బర్గరు పనిలో మేము ముఖ్యముగ చూచినది యీ యెఱుకనే. మన యూరు భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 14 డిగ్రీలలో నున్నది. మధ్యాహ్న సూర్యుఁడు మనకు ఎత్తుననే యుండును గనుక, దక్షిణపు కిటికీకి చిన్న చూరున్నను నీడ చాలును. తూర్పు పడమరల సూర్యుఁడు క్రిందికి వ్రాలి చూరుక్రిందనుండి గదిలో దూఱును. అందుచే కట్టడపు పొడవైన ముఖములు ఉత్తర దక్షిణములకు తిరిగి యుండవలెను. గాలి ఒక ప్రక్క వచ్చి మఱియొక ప్రక్క పోవలెను. ఇది చెప్పుచుండగనే పిల్లలు ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. కొన్నియేండ్ల క్రిందట మా యావరణముననే లేచిన కాంక్రీటు గదుల కిటికీలన్నియు పడమటివైపుననే యున్నవి. మార్చి మాసమున మూడవ గంట తరువాత అందు పాఠము చెప్పుట మాకును శిక్ష, వినుట వారికిని శిక్ష.

చార్లెస్ కొరియా రచించిన విశ్వేశ్వరయ్య కేంద్రమును బస్సులోనుండియే చూచితిమి. అది కార్యాలయముల నిలయము; నిలిచి చూచుటకు వేళ చాలలేదు.

మిగిలిన దినమంతయు బన్నేరుఘట్ట మార్గమందలి భారతీయ నిర్వహణ సంస్థలో గడపితిమి. ముందుగా లేఖ వ్రాసి యనుమతి పొందవలసి యుండెను. 2009లో వచ్చిన త్రీ ఇడియట్స్ అను హిందీ చలనచిత్రమునందలి కళాశాల యిదియే యని యెఱిఁగి కొందఱు పరుగెత్తిరి. లోపల నడుగిడగానే బాలిక యొకతె గోడను తడవి, "సార్, దీనికి పూత పూయుట మఱచిపోయినారా?" అనెను. మాకును లోలోపల నదియే సందేహము!

మఱచిపోలేదు. దీనిని రచించిన బాలకృష్ణ దోషిగారు 1927లో పూనాలో జన్మించిరి. 1950ల మొదట పారిసునందు లె కార్బూజియే వద్ద పనిచేసిరి. అహమ్మదాబాదునందలి నిర్వహణ సంస్థ విషయమై లూయీ కాన్‌కు తోడ్పడిరి. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమానమును భారతీయులలో మొదట పొందినవారు వారే. 2023లో దివంగతులైరి. ఇంతటి విదేశీయ శిక్షణ గలిగియు, బెంగుళూరు పని చేపట్టినప్పుడు వారు ఫతేపూరు సిక్రీని తలంచిరి. ముంగిళ్ళు, నడవలు, మరల ముంగిళ్ళు. ఇదియే ఆ విద్యాలయపు టమరిక. గోడలు బూడిదవన్నె గరుకురాతివి. మూడంతస్తుల యెత్తుగల నడవలు వీధులవలె సాగును. ఒకచోట పైకప్పు కలదు, ఒకచోట కాంక్రీటు దూలములు మాత్రమే యున్నవి, ఒకచోట ఆకాశమే కప్పు. తరగతి వెలుపల జరుగు మాటలును విద్యయే యని దోషిగారి నమ్మకము. కావుననే నడవ లక్కడక్కడ వెడల్పై, కూర్చుండుటకు తావునిచ్చుచున్నవి.

మేము చేరునప్పటికి పదిగంటలు. దూలముల నీడలు గోడపై నేటవాలుగ పడియుండెను. భోజనానంతరము వచ్చి చూడగా ఆ నీడలు నేలపైకి దిగి, గోడమీఁది తీగల నీడలతో కలిసియుండెను. నగిషీ లేదని మేమనుకొన్న గోడకు గంటగంటకు నగిషీ మాఱుచున్నది! పూత పూసి నునుపు చేసినచో నీ నీడ యిట్లు పట్టదు.

"ఇది లేపాక్షి కల్యాణమండపమువలె నున్నది" అని యొక బాలుఁడనెను. పదునాఱవ శతాబ్దమున నిలిచిపోయిన యా మండపమునకు స్తంభములేగాని కప్పు లేదు. ఆ పోలిక దోషిగారు చెప్పినది కాదు, మా బాలునిదే. అయినను మాకు నచ్చినది. మన మట్టిమిద్దెలలో వెలుగునకై కప్పున విడుచు గవాక్షి కూడ మాకప్పుడు తలంపునకు వచ్చెను. ఆ కంతనుండి పడు వెలుతురులో కూర్చుండి మేము బాల్యమున ఎక్కాలు వల్లించితిమి. దానినొక శిల్పవిద్యగ నెంచుటకు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకెవ్వరును నేర్పలేదు.

తిరిగివచ్చిన వారమున పిల్లలు త్రాడు పట్టి ప్రాత వరుసను కొలిచిరి. అది తూర్పు పడమరలుగ పొడవై యున్నది, వసారా దక్షిణమున నున్నది, కిటికీలెదురుగ కిటికీలున్నవి. దానిని కట్టిన మేస్త్రి పేరు మా దస్తరములలో లేదు. లోపము లేదనము. పెంకులు జారి వానకు కురియుచున్నది, రెండు దూలములకు చెదలు పట్టినవి, వెనుకగది చీఁకటి. కాన గోడలును వసారాయును నిలిపి, కప్పు మాత్రము మార్చి, వెనుకగదికి గవాక్షులు పెట్టవచ్చునని పిల్లలు పటము గీసిరి. మా మొదటి సమ్మతిని ఉపసంహరించుకొనుచున్నామని వ్రాసి, ఆ పటమును జతచేసి నిర్వాహకులకు పంపితిమి. ప్రత్యుత్తర మింకను రాలేదు. ప్రస్తుతము తొమ్మిదవ తరగతివారు మధ్యాహ్నము మూడుగంటలైన తోడనే పుస్తకములు తీసికొని పడమటి గదులనుండి ఆ వసారాలోనికి వచ్చుచున్నారు.