పొట్లపు కాగితము: ఇంటి ఉపయోగములు

మన భవానీపేటలో నూలు, దుప్పట్లు, తువ్వాళ్ల వెంట పొట్లపు కాగితము కూడ ఇండ్లలోనికి వచ్చుచుండును. దానిని ఉండచుట్టి పారవేయుదుము. లేదా రద్దీగా తూకమునకు అమ్ముదుము. అయితే కాగితములన్నియు ఒక్క తీరువి కావు. వాని గుణము తెలిసినచో దేనిని దేనికి వాడవలెనో తెలియును.

గోధుమవన్నె గట్టి కాగితమును మనము ఖాకీ కాగితమందుము. దాని అసలు పేరు క్రాఫ్ట్. జర్మను భాషలో ఆ మాటకు బలమని అర్థము. కార్ల్ దాల్ అను రసాయనజ్ఞుడు 1879లో కనుగొనిన పద్ధతిలో కొయ్యముక్కలను క్షారద్రవమున ఉడికించి, నారలను అంటిపెట్టుకొనియుండు లిగ్నిన్ అను పదార్థమును చాలవరకు తొలగింతురు. నారలు నిడివిగా నిలుచును గనుక ఆ కాగితము సులభముగా చినుగదు. వార్తాపత్రికల కాగితములో లిగ్నిన్ మిగిలియుండును. అందుచేతనే అది ఎండకు పసుపుబారి పెళుసగును.

కావున పుస్తకముల అట్టలకు ఖాకీ కాగితమే తగును. రవికలు కుట్టుకొను తల్లులు కొలతలను ముందుగా దీనిపై గీసి కత్తిరించినచో బట్ట చెడదు. ఆ నమూనా పలుమార్లు పనికివచ్చును. ట్రంకుపెట్టె అడుగున పరచినచో తుప్పుమరకలు బట్టలకంటవు.

చినిగిన తునకలను సైతము మన పెద్దలు విడువలేదు. వానిని రెండు మూడు దినములు నీట నానవేసి, రోట దంచి, నానిన మెంతులు రుబ్బి కలిపి, ఆ గుజ్జును వెదురు చేటలకు, గంపలకు మెత్తి ఎండనిత్తురు. మెంతి జిగురు గుజ్జును పట్టియుంచును. దాని చేదునకు పురుగు చేరదు. వెదురు సందులు పూడుటచే పిండి, రవ్వ జారవు. మెంతుల పాలు మాత్రము చేతికొలతలోనున్నది. మీ ఇంట అవ్వ యున్నచో ఆమె ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుడు.

విద్యార్థులు కొందరు జొన్నరొట్టెను, వేరుసెనగ చట్నీని వార్తాపత్రికలో చుట్టి తెచ్చుచున్నారు. ఇది మానవలెను. వేడియు నూనెయు అచ్చుసిరాను తినుబండారమునకు అంటించును. ఆ సిరాలో సీసము వంటి హానికర లోహములుండవచ్చును. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2016లోనే దీనిని గూర్చి హెచ్చరించినది. రొట్టెకు ఉతికిన నూలుగుడ్డ మేలు. నేతవారి ఇండ్లలో దానికి కొరత యుండదు గదా!

ఇక బహుమతులకు చుట్టు తళతళలాడు కాగితము. దానికి తరచుగా ప్లాస్టిక్ పూత యుండును. అట్టిది నానదు, గుజ్జు కాదు, పొయ్యిలో వేయరాదు. పిడికిట నలిపి విడిచిచూడుడు: వెంటనే విచ్చుకొనినచో అందు ప్లాస్టిక్ ఉన్నదని తెలిసికొని, గుజ్జుతొట్టిలో వేయక వేరుగా నుంచుడు.