మీకు తెలుసా? సుత్తికి లొంగనిది థిన్నర్‌కు లొంగుతుంది!

హెల్మెట్ అద్దం, కారు హెడ్‌లైట్ల పై కవర్లు చాలావరకు పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్‌తో చేసినవే. 1953లో జర్మనీలోని బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్, దాదాపు అదే సమయంలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ విడివిడిగా దీన్ని తయారుచేశారు. గాజులా పారదర్శకం, సుత్తి దెబ్బకూ పగలదు. దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దాకా మెత్తబడదు. పలుచని ఆమ్లాలు దీన్ని పెద్దగా ఏమీ చేయలేవు.

కానీ పెట్రోలు, థిన్నర్, అసిటోన్, అమ్మోనియా దీనికి పడవు. మరక పోవాలని హెల్మెట్ అద్దాన్ని పెట్రోలు గుడ్డతో తుడిచేవాళ్లు చాలామంది. దయచేసి అలా చేయకండి. అప్పటికి తళతళలాడినా, తర్వాత స్క్రూ రంధ్రాల చుట్టూ వెంట్రుకంత సన్నని బీటలు కనిపించవచ్చు. బిగింపు వల్ల అక్కడ పదార్థం అప్పటికే లాగుడులో ఉంటుంది. ద్రావకం లోపలికి చొరబడి అణువుల గొలుసుల మధ్య పట్టును సడలిస్తుంది. ఇక గట్టి దెబ్బ తగిలితే ఆ అద్దాన్ని నమ్మలేం. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తని గుడ్డ చాలు.

ఎండ సంగతి వేరు. అతినీలలోహిత కిరణాలు పైపొరలోని అణుబంధాలను తెంచుతాయి. పాత కార్ల హెడ్‌లైట్లు పసుపెక్కి మసకబారేది అందుకే. ఇంటి పైకప్పుకు వాడే పాలికార్బొనేట్ షీట్లలో చాలావాటికి ఒకవైపే రక్షణ పూత ఉంటుంది. ఏ వైపు ఎండకు ఉండాలో పైన అంటించిన ఫిల్మ్‌పై రాసి ఉంటుంది. బిగించేముందు అది చదవండి, తిరగేసి బిగిస్తే పూత ఉన్నా లేనట్టే.