మందుల చదువు

నాలుగేళ్ళ క్రితం మా అమ్మాయికి వైద్యకళాశాలలో సీటు రాలేదు. ఫార్మసీలో చేరింది. ఆ వారమంతా మా యింటికి పరామర్శకు వచ్చినవాళ్ళు వస్తూనే వున్నారు. "పోనీలెండి మాస్టారూ, డాక్టరు కాకపోతేనేం, మందుల షాపయినా పెట్టుకుంటుంది" అని ఒకరు ఓదార్చారు. "ఆడపిల్లకి యేదో ఒక డిగ్రీ వుంటే చాలదూ?" అని మరొకరు సర్దిచెప్పారు. నేను అందరికీ తల వూపాను. నిజం చెప్పవలసివస్తే, ఆ చదువు మీద నా అభిప్రాయం కూడా వాళ్ళ అభిప్రాయంకంటే గొప్పదేమీ కాదు. డాక్టరుగారు చీటీ వ్రాస్తారు, షాపులో కుర్రవాడు అలమారలోంచి తీసి యిస్తాడు. యీ రెంటికీ మధ్య నాలుగేళ్ళపాటు చదవవలసినదేముంటుంది?

నా సందేహం యెలా తీరిందో చెప్పడానికే యిది వ్రాస్తున్నాను. ఏటా ప్రవేశపరీక్షల ఫలితాలు రాగానే మా యింట్లాంటి యిళ్ళు ఎన్నో చిన్నబోతూ వుంటాయి గనుక, నలుగురికీ ఉపయోగపడవచ్చు.

మొదటి సెలవులకు యింటికి వచ్చినప్పుడు మా అమ్మాయి భోజనాల దగ్గర అడిగింది: "నాన్నా, తెలుగులో మందు అనే మాటకి యెన్ని అర్థాలు?"

ఇలాంటి ప్రశ్న వేస్తే తెలుగు మాస్టరు ఊరుకుంటాడా? వేళ్ళు మడిచి చెప్పసాగాను. రోగానికి వేసేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే. ఎలుకలకు పెట్టేదీ మందే, చేనుకు చల్లేదీ మందే. సాయంకాలం కాగానే కొందరు వెతుక్కుంటూ పోయేదీ మందే. కోడలు తన కొడుక్కి పెట్టిందని అత్తగారు అనుమానపడేదీ మందే!

"మా మొదటి పాఠం కూడా యిదే" అంది అమ్మాయి. ఫార్మసీ అనే మాటకు మూలమైన గ్రీకుమాట 'ఫార్మకాన్'. దానికి మందు అనీ అర్థమే, విషం అనీ అర్థమే. ఏ పదార్థమైనా విషం అయ్యేదీ కానిదీ మోతాదును బట్టేనని 16వ శతాబ్దంలో పారసెల్సస్ అనే వైద్యుడు చెప్పిపోయాడు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్ళన్నది కూడా దాదాపు యీ సంగతే.

దీనికి దూరం పోనక్కరలేదు. జ్వరం వస్తే మనమందరం వేసుకునే పారాసెటమాల్ సంగతే చూడండి. ఆరోగ్యంగా వున్న పెద్దవాళ్ళకయినా రోజుకు 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్ళలు 8, దాటకూడదు. దాటితే కాలేయానికి ముప్పు. జ్వరానికని ఒక బిళ్ళ, జలుబుకని వేరే పేరున్న మరో బిళ్ళ వేసుకుంటాం. ఆ రెండోదానిలో కూడా తరచు పారాసెటమాలే వుంటుందని యెంతమందికి తెలుసు?

సరే, నాలుగేళ్ళూ వీళ్ళు చదివేదేమిటి? ముఖ్యంగా నాలుగు శాస్త్రాలు. మందులోని రసాయనం యేమిటో చెప్పేది ఒకటి. అది శరీరంలో యేం చేస్తుందో చెప్పేది రెండవది. చెట్టుచేమల నుంచి మందులను గుర్తించి తీసేది మూడవది. ఆ మందును బిళ్ళగానో, సిరప్‌గానో, సూదిమందుగానో తయారుచేసే విద్య నాలుగవది.

మా పెరట్లో బిళ్ళగన్నేరు పూస్తుంది. దేవుడి పూజకు తప్ప దానివల్ల మరో ప్రయోజనముందని నేనెరుగను. రక్తకాన్సరు పిల్లలకు యిచ్చే విన్‌క్రిస్టిన్ అనే మందును ఆ మొక్కలోనే కనిపెట్టారని మా అమ్మాయి చెప్పినప్పుడు, పూలు కోస్తున్న మా ఆవిడ చెయ్యి ఒక్కక్షణం ఆగింది. అయితే ఆకు నమిలితే రోగం పోతుందనుకుంటే ప్రమాదం. అందులో వున్న శక్తివంతమైన పదార్థాలను వేరుచేసి, తూచి, కొలిచి యిస్తేనే అది మందు, లేకపోతే విషం.

ఇక బిళ్ళ సంగతి. సుద్దముక్కలా కనిపించే ఆ బిళ్ళ వెనుక యింత పరీక్ష వుందని నేను కలలోనైనా అనుకోలేదు. పూతలేని మామూలు బిళ్ళలు ఆరింటిని గాజుగొట్టాలలో వేసి, మన ఒంటి వేడికి సమానంగా 37 డిగ్రీలున్న నీటిలో ముంచుతూ తేలుస్తారు. 15 నిమిషాలలో అవి విడిపోవాలి. దారిలో అరిగిపోకుండా వుంటాయో లేదో చూడడానికి ఒక చక్రంలో వేసి నిమిషానికి 25 చుట్ల చొప్పున నూరుసార్లు దొర్లిస్తారు. నూటికి ఒక పాలు కంటే యెక్కువ బరువు తగ్గితే ఆ బిళ్ళలు పనికిరావు. ప్రేగులలోకి వెళ్ళాకనే కరగవలసిన బిళ్ళలు మరికొన్ని వున్నాయి. కడుపులోవంటి ఆమ్లంలో అవి రెండు గంటలు చెక్కుచెదరకుండా వుండాలి. అటువంటి బిళ్ళను మింగడం కష్టమని మనం విరిచి వేసుకుంటే, ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇంత జాగ్రత్త లోకానికి ఊరికే రాలేదు. 1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫా మందును తియ్యటి ద్రవంగా చేసి అమ్మింది. మందు మంచిదే. కాని దాన్ని కరిగించడానికి వాడిన డైఈథిలీన్ గ్లైకాల్ విషం. అమ్మే ముందు యెవరూ పరీక్షించి చూడలేదు. నూరుమందికి పైగా చనిపోయారు. వారిలో పసివాళ్ళు చాలామంది. ఆ మరుసటి యేడే అక్కడ కొత్త చట్టం వచ్చింది. అదే విషం 1986లో బొంబాయిలో గ్లిజరిన్‌లో కలిసి వచ్చి 14 మందిని పొట్టనబెట్టుకుంది.

మన దేశంలో కూడా ఒకప్పుడు మందుల వ్యాపారం అడిగేవాడు లేని వ్యాపారమే. 1930లో ప్రభుత్వం కర్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఒక విచారణసంఘాన్ని నియమించింది. ఆ కాలంలోనే మహాదేవలాల్ ష్రాఫ్ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో 1932లో యీ చదువుకు పునాది వేశారు. ఆయనను మన దేశపు ఫార్మసీ విద్యకు పితామహుడంటారు. 1940లో మందుల చట్టమూ, 1948లో ఫార్మసీ చట్టమూ వచ్చాయి. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయం 1951లోనే యీ శాఖను నెలకొల్పింది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోకుండా మందుల కథ ముగించటం తెలుగువాడికి సాధ్యం కాదు. ఆయన 1922లో అమెరికా వెళ్ళి హార్వర్డులో పరిశోధన చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. బోదకాలు రోగానికి ప్రభుత్వం మన యింటింటికీ పంచిన బిళ్ళ ఆయన బృందం చలవే. కాన్సరుకు వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలలో పుట్టినదే. ఇప్పుడు దాన్ని కీళ్ళవాతానికి కూడా చిన్న మోతాదులో యిస్తున్నారు. అయితే కీళ్ళవాతానికి దాన్ని వేసుకోవలసింది వారానికి ఒక్కసారి. తెలియక రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మహానుభావుడు కనిపెట్టాడు, డాక్టరు సరిగానే వ్రాశాడు. అయినా రోగి చేతిలో బిళ్ళ పెట్టేటప్పుడు "వారానికి ఒక్కటే నమ్మా, ఫలానా వారంనాడు" అని చెప్పే మనిషి లేకపోతే అంతా వృథా. ఆ మనిషే ఫార్మసిస్టు.

ఈ మాట నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. మా అమ్మ వల్ల తెలిసింది.

మా అమ్మకు చాలాకాలంగా రక్తపుపోటు. మా వూరి డాక్టరుగారిచ్చిన బిళ్ళ రోజూ వేసుకుంటూ వుండేది. నిరుడు వేసవిలో మా చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడ మరొక డాక్టరుగారికి చూపించారు. ఆయనా ఒక బిళ్ళ వ్రాశారు. పాత చీటీ ఆయనకు చూపించాలన్న ధ్యాస యెవరికీ లేకపోయింది. అమ్మ తిరిగి వచ్చాక రెండు బిళ్ళలూ మా వీధి చివరి షాపులోనే నెలనెలా తెచ్చి యిచ్చాను. ఒకటి తెల్ల డబ్బాలో, రెండోది నీలం డబ్బాలో. పేర్లు వేరు, కంపెనీలు వేరు.

రెండు నెలలు తిరిగేసరికి అమ్మ పాదాలు వాచాయి. మంచం మీదనుంచి లేస్తే కళ్ళు తిరగడం. వయసు మీదపడిందనుకున్నాం. ఒకనాడు తెల్లవారుజామున పెరటి గుమ్మం దగ్గర తూలిపోతే మా ఆవిడ పట్టుకుంది గనుక సరిపోయింది.

దసరా సెలవులకు మా అమ్మాయి వచ్చింది. మామ్మ కాళ్ళు చూసింది. "మామ్మా, నీ మందుల డబ్బా ఏదీ?" అని తెచ్చుకుని, రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి, వ్యాపారనామం వదిలేసి మందు అసలు పేరు చదివింది. రెంటిమీదా ఒకటే పేరు: ఆమ్లోడిపిన్. మా అమ్మ వేసుకుంటున్నది రెండు మందులు కాదు. ఒకే మందు రెండుసార్లు. ఆ మందు వల్ల పాదాలు వాచడం ఎరిగినదేనట. మోతాదు పెరిగినకొద్దీ వాపూ పెరుగుతుందట.

అమ్మాయి తనంతట తాను యేదీ ఆపలేదు. ఆ సాయంకాలమే రెండు అట్టలూ, రెండు చీటీలూ పట్టుకుని మమ్మల్ని డాక్టరుగారి దగ్గరికి నడిపించింది. ఆయన చూసి ఒకటి కొట్టివేశారు. మూడు వారాలలో వాపు తీసింది.

"షాపువాడికి తెలియవద్దూ?" అని నేను మండిపడ్డాను. రెండు బిళ్ళలూ ఒకే చేత్తో, ఒకే కాగితపు సంచిలో నెలనెలా వేసి యిచ్చినవాడే కదా! మర్నాడు వెళ్ళి నిలదీశాను. బల్ల దగ్గర వున్న కుర్రవాడు పదో తరగతి తప్పి పనిలో చేరినవాడు. పాపం, డబ్బాల మీది పేర్లు కూడబలుక్కుని చదవడం అతనికి వచ్చు; అంతకుమించి ఎవరు నేర్పారు? "ఫార్మసిస్టు యేరీ?" అన్నాను. అతను గోడవైపు చూశాడు. అక్కడ అద్దంలో బిగించిన సర్టిఫికెట్టు వుంది. దానిమీద యెవరో పెద్దమనిషి పేరు వుంది. ఆయన్ని తానెప్పుడూ చూడలేదన్నాడు.

డాక్టరు చీటీ మీద యిచ్చే మందు రిజిస్టరు అయిన ఫార్మసిస్టు తన చేత్తో గాని, తాను దగ్గరుండి గాని యిప్పించాలని మన నిబంధన. షాపుకు రావలసినది మనిషి, కాగితం కాదు. కాని ఆ కాగితాన్ని నెలకింత అని అద్దెకిచ్చే ఆచారం ఒకటి వుందని ఆనాడే నాకు తెలిసింది.

ఇక అసలు సంగతి. రెండు నెలల క్రితం అమ్మాయి చివరి పరీక్షలు అయ్యాయి. ఒక ఆదివారం పొద్దున్న, మందుల వ్యాపారం చేసే ఒకాయన అరిటిపళ్ళు పట్టుకుని మా యింటికి వచ్చారు. కొత్త షాపు తెరుస్తున్నారట. "అమ్మాయిని పనిలోకి రమ్మనడం లేదు మాస్టారూ. హాయిగా పైచదువు చదువుకోమనండి. సర్టిఫికెట్టు ఒక్కటీ మా గోడమీద వుంటే చాలు. నెల మొదటి తారీకుకల్లా డబ్బు మీ ఖాతాలో పడుతుంది" అన్నారు.

నేను వెంటనే లేచి ఆయన్ని పంపివేశానని వ్రాయగలిగితే బాగుండేది. అలా జరగలేదు. చదువుకోసం చేసిన బాంకు అప్పు వుంది. రెండో పిల్లవాడు కాలేజీకి వస్తున్నాడు. "ఆలోచించి చెబుతానండీ" అన్నాను. మధ్యాహ్నం అమ్మాయికి సంగతి చెప్పాను. అందరూ చేస్తున్నదేనని కూడా అన్నాను.

అది మామ్మ వైపు ఒకసారి చూసింది. "నాన్నా, మామ్మకి ఆ రెండు బిళ్ళలూ కలిపి యిచ్చిన షాపులో గోడమీద ఒక పేరు వుందన్నావు గదా. ఈసారి ఎవరి మామ్మో పడిపోయినప్పుడు ఆ పేరు నాదయి వుండాలా?" అంది.

నాకు జవాబు తోచలేదు. సాయంకాలం ఆయనకు ఫోను చేసి వీలుకాదని చెప్పాను. అమ్మాయి యిప్పుడు ఒక ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేస్తున్నది. జీతం, సర్టిఫికెట్టుకు ఆయన యిస్తానన్న అద్దెకంటే మరీ యెక్కువేమీ కాదు. ఎనిమిది గంటలు నిలబడాలి. ఈ సంగతి దాచడం ధర్మం కాదు. మొదట్లో యీ వృత్తిలో సిరులు కురవవు.

పిల్లలను యీ చదువులో చేర్పించదలచిన తల్లిదండ్రులకు రెండు మాటలు. ఇందులో రెండేళ్ళ డిప్లొమా వుంది, నాలుగేళ్ళ బి.ఫార్మసీ వుంది. 2008 నుంచి ఆరేళ్ళ ఫార్మ్.డి. కూడా వచ్చింది, దానిలో చివరి సంవత్సరం ఆస్పత్రిలో రోగుల దగ్గర శిక్షణ. ఇంటర్మీడియెట్‌లో లెక్కలు చదివినవారూ చేరవచ్చు, జీవశాస్త్రం చదివినవారూ చేరవచ్చు. కాలేజీకి ఫార్మసీ కౌన్సిల్ ఆమోదం వుందో లేదో ముందు చూసుకోండి. ప్రయోగశాలలోకి వెళ్ళి, పరికరాల మీద పిల్లల చేతులు పడుతున్నాయా, దుమ్ము పడుతున్నదా అన్నది కూడా చూడండి. వైద్యంలో సీటు రాలేదన్న ఏడుపుతో మాత్రం పంపకండి. ఏడుస్తూ చేరినవాళ్ళ కాగితాలే తరువాత గోడలెక్కుతాయి.

ఫార్మసీ చదివించే పిల్లలు లేనివారికి ఒకే మాట. ఈసారి మందులకు వెళ్ళినప్పుడు యింట్లో వున్న పాత అట్టలు కూడా పట్టుకువెళ్ళండి. బల్ల దగ్గర నిలబడి, "ఫార్మసిస్టుగారున్నారా?" అని అడగండి. గోడవైపు చూపిస్తే, మరో షాపుకు నడవండి.